కాగని దప్పు

వీపనగండ్లలో వెంకటయ్య ఇంట్లో ఆ రోజు తెల్లారకముందే పొయ్యి అంటుకుంది. భార్య బుజ్జమ్మ పోయి సరిగ్గా ఏడాది. ఆయన చెల్లెలు రాములమ్మ కోడేరు నుంచి ముందురోజే వచ్చి వంటపనంతా నెత్తినేసుకుంది. కూతురు నిరోష మాత్రం వంటింటి వైపు తొంగి చూస్తే ఒట్టు. అరుగు మీద కూర్చుని, కంప్యూటరుకు తగిలించిన ఒక నల్లటి ప్యాడ్ మీద వేళ్లు ఆడిస్తోంది.

ఆ ప్యాడ్ బడిపిల్లల పలక కంటే కాస్త పెద్దది. పైన మెత్తటి రబ్బరు. వేలు ఎంత బలంగా పడితే అంత బలంగా పలుకుతుంది. నొక్కి ఉంచితే శబ్దం బిగుసుకుంటుంది, మెల్లగా వదిలితే మెల్లగా పోతుంది. హైదరాబాదు స్టూడియోలో ఇలాంటి వాటికి శబ్దాలు తయారు చేయడమే నిరోష పని. రెండేళ్ల కింద తండ్రి చేత దప్పును నడిమధ్యన, అంచున, అరచేత్తో ఆపి, రకరకాలుగా కొట్టించి రికార్డు చేసుకుంది. ఆ దెబ్బలే ఇప్పుడు ఈ ప్యాడ్‌లో పెట్టింది.

పెట్టడానికి కారణముంది. బుజ్జమ్మ బతికున్నన్నాళ్లూ మొగుణ్ణి ఆటపట్టించేది. చావుదప్పు కొట్టి ఊళ్లో అందరినీ సాగనంపిన చెయ్యే తననూ సాగనంపాలని, వేరేవాళ్ల దప్పు తన ముందు మోగొద్దని. ఆయన నవ్వి మాటిచ్చాడు. ఆమె పోవడానికి మూడు నెలల ముందు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. తీరా ఆమె పోయిన రోజు పక్క ఊరివాళ్లు వచ్చి కొట్టారు. వెంకటయ్య ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం నిరోష మరిచిపోలేదు. సంవత్సరీకం రోజైనా తండ్రి మాట నిలబడాలని, ఆయన వేలు ఈగ వాలినంత తాకినా నిండు దెబ్బ పలికేలా నెలరోజులు కూర్చుని ప్యాడ్‌ను సరిచేసింది.

"రా నాయినా, ఒక్కసారి ముట్టు."

వెంకటయ్య వణికే వేళ్లు ఆనించాడు. స్పీకర్లోంచి దప్పు ధణ్‌మంది. రాములమ్మ గరిటె పట్టుకునే గడపదాకా పరుగెత్తుకొచ్చింది. ఆయన మాత్రం ఇంకోసారి నొక్కి, స్పీకరు దగ్గర చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపాడు.

"మోగుతుంది బిడ్డా. గని ఇది కాగలే."

నిరోషకు నవ్వొచ్చింది. కాచి బిగించడానికి ఇందులో తోలు లేదు, దీనికి మంట అక్కర్లేదు, చార్జింగ్ ఉంటే చాలని చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు తాను వెళ్లిపోవాలి కాబట్టి ఆలోపే సమాధి దగ్గరికి పోయి రావాలని తొందరపెట్టి, పూలు తేవడానికి బస్టాండు వైపు నడిచింది.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన రబ్బరు వాసన. పెరట్లో వరిగడ్డి మంట ముందు తండ్రి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు దప్పును కాచినట్టే, ఎడమచేత్తో ప్యాడ్‌ను మంటకు చూపిస్తూ ఒక్కచోట ఆగకుండా తిప్పుతున్నాడు. ఒక మూల రబ్బరు బుడగలు లేచి జారిపోయింది. నిరోష లాక్కుని వైరు తగిలించి నొక్కింది. బలమంతా పెట్టి నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఏం జేసినవ్ నాయినా? దేవుడిచ్చిన చెయ్యి ఎట్లనో పాయె. నేను జేసిచ్చిన చెయ్యి గూడ కాల్చుకుంటివి."

వంటింట్లోంచి రాములమ్మ ఆమెను మందలించింది. కోపంలో నోరు జారిన నిరోష అంతలోనే నాలుక కరుచుకుంది, కానీ అప్పటికే ఆ మాట పోయి తగలాల్సిన చోట తగిలింది. వెంకటయ్య ఎడమచేత్తో బూడిద కప్పి మంట ఆర్పాడు.

"రికాడు జేసిన దినం నీకు బస్సు యాళ్ల అయితుందంటివి," అన్నాడు. "దప్పు కాగవెట్టకుండనే కొట్టిన. గా మెత్త సప్పుడే దీన్ల పడ్డది. మీ అమ్మవి ముప్పై ఏండ్లు నా దప్పు ఇన్న చెవులు బిడ్డా. గా సప్పుడు తీస్కపోతె, ఇది మా ఆయన కొట్టింది గాదు అనుకుంటది. అందుకే జర కాగవెడ్దామనుకున్న. నాకేం తెల్వది, గిట్లయితదని."

నిరోష కంప్యూటరులో రెండేళ్ల నాటి అసలు రికార్డు వెతికి, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంది. నిజమే, దప్పు వదులుగా ఉంది. నెలరోజులుగా వింటున్నా తన చెవికి అందలేదు. ఒక దెబ్బ అయ్యాక దూరంగా ఒక ఆడగొంతు వినిపించింది. దాన్ని రొద అనుకుని ప్రతి దెబ్బ చివరా తానే కత్తిరించి పారేసింది. ఈసారి శబ్దం పెంచి వింది. అది అమ్మ గొంతు.

"మీ నాయినను జర కాగవెట్టుకోనియ్యే. ఒక బస్సు పోతె ఇంకో బస్సొస్తది."

ఆ వెంటనే విసుక్కుంటున్న తన గొంతు: "జల్ది కొట్టు నాయినా."

నిరోష చెవుల్లోంచి తీసి ఆ మాట తండ్రికి కూడా వినిపించింది. ఆయన మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టమని చేత్తో సైగ చేశాడు. తండ్రి కాళ్ల దగ్గర కూలబడి, తప్పయిందని చెప్పుకుని నిరోష వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన పనిచేసే చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

మధ్యాహ్నం ముగ్గురూ మెట్టచెలక గట్టున బుజ్జమ్మ సమాధి దగ్గరికి వెళ్లారు. గోడ మేకు నుంచి దించిన దప్పు నిరోష భుజాన ఉంది. గడ్డి అంటించి, తండ్రి చెబుతుంటే తనే కాచింది. ఆయన గోటితో మీటి చూసి, చాలదన్నాడు. మళ్లీ కాచింది. ఆఖరికి కాగిందన్నాడు. దప్పు కొట్టే పుల్ల ఆయన కుడిచేతి వేళ్ల మధ్య నిలవకపోతే అమ్మ పాత చీరపేలికతో కట్టి, దప్పును ఎదురుగా పట్టుకుని కూర్చుంది.

ఎంత కష్టపడి ఎత్తినా ఆ చెయ్యి జానెడే లేచింది. పడింది. రెండడుగుల దూరంలో ఉన్న రాములమ్మకే వినపడనంత చిన్న సప్పుడు. చిన్న సప్పుళ్లను పెద్దవి చేయడమే బతుకుతెరువైన నిరోష, దప్పును గుండెకు ఆనించుకుని దాన్ని అలాగే వింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

వెంకటయ్య రెండో దెబ్బకు చెయ్యి లేపబోయి ఆగాడు. దూరంగా రోడ్డు మీద హారన్ వినిపించింది.

"బిడ్డా, నీ బస్సు గదా అది?"

"పోనీ నాయినా. నువ్వు నిమ్మలంగ కొట్టు."