యాదికి ఏం లేకపోతే

“‘యాది’ ఏంటండీ? ‘గుర్తు’ అని రాయకూడదూ?” టైపిస్టుగా చేరిన మొదటిరోజే తగువు పెట్టుకుంది ఉదయలక్ష్మి.

బోధన్‌లో అర్జీలు టైపు చేసే షాపు అది. అక్కడి కంప్యూటర్ల కోసం మల్లికార్జున్ టైపు చేసుకునే ఒక చిన్న ప్రోగ్రాం, ఎడిటర్, రాస్తున్నాడు. ఎవరికి నచ్చిన అక్షరాల సైజు, రంగు వాళ్లు పెట్టుకోవచ్చు. మళ్లీ తెరిస్తే అలాగే వస్తుంది. ఆ సెట్టింగుల బటన్ మీద ‘యాదికి పెట్టుకో’ అని రాశాడు.

“మా దిక్కు గట్లనే అంటరు. నచ్చకపోతే తీస్కపోయి మీ కోటగిరి కాలువల పడెయ్,” అన్నాడు.

ఏడు నెలలు తిట్టుకుంటూనే పక్కపక్కన కూర్చున్నారు. అనాల్సిన ఒక్క మాట అతను అనలేదు. రేపటి నుంచి ఆమెకు నిజామాబాద్‌లో ఉద్యోగం. ఇవాళ ఆఖరు.

బయట వాన. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం సగం మబ్బులో మాయమైంది. మధ్యాహ్నమే చీకటి పడింది.

“నా సెట్టింగులు చెరిపేయండి. నా గుర్తులు ఎవరికెందుకు?”

అతను ఆమె సెట్టింగులు దాచిన ఫైలు తీసేశాడు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. అది ఆమె మనసును కోసింది.

“తీసేసిన. తెరిచి చూస్కో. చాయ్ తెస్త,” అని వానలోకి వెళ్లాడు.

తెరిచింది. నల్లటి తెర మీద పసుపుపచ్చ అక్షరాలు. సైజు ఇరవై రెండు. విండో ఎడమ మూలన. అన్నీ తనవే.

ఫైలు వెతికింది. లేదు. మూసి మళ్లీ తెరిచింది. పసుపు.

పక్క కంప్యూటర్‌లో ఎడిటర్ ఎక్కించింది ఇవాళ పొద్దున్నే. దాని ముందు తను ఏనాడూ కూర్చోలేదు. అక్కడా పసుపే. లైటు మినుక్కుమని మళ్లీ వెలిగింది. పోయినవాళ్ల చెప్పులు గుమ్మంలో కనబడినట్టయింది. ఆ పోయిన మనిషి తనే.

ఎడిటర్ కోసం అతను రాసిన కోడ్ తెరిచింది. రాయడం రాదు కానీ, అతని పక్కన కూర్చుని చదవడం పట్టుబడింది. కిందికి జరిపింది. ఒకచోట అతను తనకోసం రాసుకున్న వరుస:

‘యాదికి ఏం లేకపోతే గిట్ల తెరువు.’

దాని కింద ఇరవై రెండు. పసుపు. ఎడమ మూల. ఎవరి సెట్టింగులూ లేనిచోట తనవే రావాలని రాసి పెట్టాడు.

తలెత్తింది. గుమ్మంలో తడిసి నిలబడి ఉన్నాడు. చేతిలో చాయ్ చల్లారింది.

“దయ్యమనుకున్నాను. ఎప్పుడు రాశారిది?”

“మొదటి నెలలనే.”

“నోటితో చెప్పడానికేం?”

“యాది అంటేనే కొట్లాటకొస్తివి. గింత పెద్ద మాటంటే ఊకుంటవా?”

ఆమె నవ్వలేదు. “ఆరు నెలలు పోగొట్టారు. అది మాత్రం క్షమించను.”

చాయ్ అందుకుంది.

“ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్న పేరు రామకోటేశ్వరరావు గారు. యాదికి పెట్టుకోండి.”