ముఖం తుడుచుకోని మనిషి

"మంచు దిగిందే గుర్రమా, మలుపు చూసి నడవవే... ఎవరో ముందు నిలిచారే..."

చిన్నప్పుడు పాడుకునేవాళ్ళం. ఆ తర్వాతి ముక్క ఎంత తలచుకున్నా రాదు.

మా కొండదారిలో నారిన్ ఏటి మలుపు చాలా చెడ్డది. మసక పడ్డాక మావాళ్ళు అటు గుర్రాన్ని కూడా తోలరు. తెల్ల శాలువా ఒకటి నిలబడి ఉంటుందట...

నిరుడు మంచుకాలంలో మా ఊరి పిల్ల కెన్జేని అక్కడే ఒక కారు గుద్దేసి, ఆగకుండా పోయింది. దొరికేసరికి ప్రాణం లేదు, పాపం తల మీద గుడ్డ కూడా లేదు. ఇద్దరు పసివాళ్ళు మిగిలారు. వాళ్ళకి నష్టపరిహారం ఇప్పించమని కెన్జే అక్క బుర్మకన్ సర్కారు ఆఫీసు చుట్టూ తిరిగింది. అక్కడి అధికారి తురాత్ — ఆమె వేయించి తెచ్చిన పిండిముద్దలు నములుతూ, వేళ్ళు నాకుతూ అన్నాడట:

"కారేదమ్మా? నెంబరేది? గుద్దింది దెయ్యమేమో! పోయి దాన్నే అడుక్కో."

నవ్వాడట... నోట్లో ముద్ద కనిపించేలా. ఛీ!

అప్పట్నుంచి బుర్మకన్ చెల్లెలి తెల్ల శాలువా కప్పుకుని రోజూ ఆ మలుపులో నిలబడేది. మనిషి పోయిన చోటు దాటేటప్పుడు మావాళ్ళెవరైనా పోయినవాళ్ళ కోసం దువా చేసి, రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంటారు. అందరూ చేశారు, తాగి తోలే లారీవాళ్ళు కూడా. తురాత్ ఒక్కడే — చేతులు స్టీరింగ్ మీంచి తీయలేదు. తల తిప్పలేదు.

"వాడే పెద్దమ్మా," అంది బుర్మకన్ నా చెవిలో.

"ముఖం తుడుచుకోలేదని ఎవర్నైనా పట్టుకుంటారటే, పిచ్చిదానా?"

ఒక సాయంత్రం... తురాత్ కారు వదిలేసి పోలీసుల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడట. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయట.

"ఆమే... అద్దం దగ్గరికొచ్చింది... 'నా తలగుడ్డ ఇయ్యి' అంది..."

మొత్తం కక్కేశాడు. ఆ రోజు కారు దిగి చూశాడట. ఇంకా ఊపిరి ఉందట. చూస్తూనే — ఆమె తలగుడ్డ లాగి, దాంతోనే కారు దీపం మీది రక్తం తుడుచుకుని పోయాడట! సీటు కింద దొరికింది ఆ గుడ్డ. ఆ చేతులతోనే కదా, అక్క పెట్టింది తిన్నాడు...

పోలీసులు పొట్టలు పట్టుకుని నవ్వారట. "ఒరే, అది బుర్మకన్ రా! బతికున్న మనిషిని చూసి బెదిరావు!"

పిల్లలకి పరిహారం వచ్చింది.

మొన్న టీ పోస్తూ బుర్మకన్‌ని అడిగాను. "ఎంత ధైర్యమే నీకు! కారు అద్దం దాకా వెళ్ళావా?"

గిన్నె కింద పెట్టింది. నెమ్మదిగా అంది —

"ఆ పూట కెన్జే చిన్నదానికి జ్వరం, పెద్దమ్మా. నేను గడప దాటలేదు. శాలువా దాని మీదే కప్పాను..."