చేపల పొడి మీద వాన

"మీ చేపల పొడి మీరే ఉంచుకోండి. నా బాతులు బాగానే తింటున్నాయి. వాటి గుడ్లు తినే మనుషులే దొరకట్లేదు!"

తోహా బస్తాను షెడ్డు గుమ్మంలో దబ్బున పడేశాడు. విగాతి మర ఆపి తలెత్తింది. ముంచార్ రేవులోని ఫ్యాక్టరీలు పారేసే చేపల తలకాయలు, పేగులు తెచ్చి, ఉడికించి, నూనె పిండి, ఎండబెట్టి, దాణాకు పొడి కొట్టడం ఆమె పని. అంతకుముందు ఆ చెత్తంతా కాలవలోకి పోయేది.

"గుడ్లకేమైంది?"

"నీచు వాసన. మా అమ్మ ఉప్పులో ఊరేసి అమ్ముతుంది. ఇది గుడ్డా, చేపా అని సంతలో నిలదీశారట."

"గుప్పెడు కలపాల్సిన చోట గంపెడు కలిపుంటారు."

"కొలిచే కలిపాను. కావాలంటే తినండి." జేబులోంచి ఉడికించిన గుడ్డు తీశాడు.

విగాతి పంతానికి సగం కొరికింది. మింగడమే కష్టమైంది.

"బాగానే ఉంది."

"అయితే మిగతాది కూడా కానివ్వండి."

ఆమె గుడ్డు వంక చూసింది, అతని వంక చూసింది. "నూనె సరిగ్గా పిండలేదు. తొందరపడ్డాను," అంది చివరికి.

పోట్లాటకు వచ్చిన తోహా గుమ్మంలోని బస్తాను పక్కకు జరిపాడు. "పిండడానికి ఇంకో మనిషి కావాలేమో," అన్నాడు.

"కావాలి. కూలి ఇవ్వలేను."

"అడిగానా?"

అప్పట్నుంచి బాతుల్ని పొలాల్లోకి తోలి షెడ్డుకు వచ్చేవాడు. గుడ్ల వాసన పోయింది. అతను రావడం మాత్రం మానలేదు. ఎందుకని విగాతి అడగలేదు, అడిగితే మానేస్తాడేమోనని. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని వెళ్ళిపోవడం ఆమె చూసే ఉంది.

ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి ఉన్నట్టుండి వాన దిగింది. షెడ్డు ముందు టార్పాలిన్ల మీద సరుకంతా ఆరుతోంది. తడిస్తే బూజే. విగాతి పరుగెత్తి ఒక కొస పట్టుకునేసరికి, రెండో కొస అప్పటికే తోహా చేతుల్లో ఉంది. వెనకాలే తలగుడ్డ సర్దుకుంటూ వాళ్ళమ్మ.

ముగ్గురూ లాగితే సగం దక్కింది, సగం బురదైంది.

"ఈ వానలో మీరెందుకొచ్చారు, ఇబూ?" అని, అక్కడి మాటలో ఆవిణ్ణి అమ్మా అని పిలుస్తూ అడిగింది విగాతి.

"వీడే లాక్కొచ్చాడమ్మా, నిన్ను చేసుకుంటాడట. అడగడానికి నోరు పెగలదట. బాతుల మీద అరవడానికైతే బాగా పెగులుతుంది."

తోహా చెవులు ఎర్రబడ్డాయి.

"నా చేతులు కంపు కొడతాయి," అంది విగాతి.

"నాకూ పట్టేసింది. అమ్మ నా మంచం వసారాలో వేసింది," అన్నాడు తోహా.

"నిజమే," అంది తల్లి.

విగాతికి నవ్వాగలేదు. "అడిగింది మీ అమ్మగారు. మీరింకా అడగలేదు."

తోహా దగ్గరికొచ్చి అడిగాడు. రేకుల మీద వాన మోతలో పెదాల కదలికే తప్ప మాట పైకి రాలేదు. విగాతి తలూపింది.

"ఏమన్నాడు?" గట్టిగా అరిచింది తల్లి.

"ఏమో, ఒక్క ముక్క వినపడలేదు, ఇబూ! నేను మాత్రం సరేనన్నాను."