తిరిగి రాని ఎల్సీ

హైటెక్ సిటీలో గాజు మేడల వెనక సందులో ఒక కరెంటు పెట్టె ఉంది. చీకటి పడితే ఏ లైన్‌మనూ ఒంటరిగా దాని దగ్గరికి పోడు. బాలనర్సయ్య కాలిపోయింది అక్కడే మరి...

పెట్టెలో చెయ్యి పెట్టేముందు లైన్‌మన్ కంట్రోల్ రూమ్ నుంచి ఎల్సీ తీసుకోవాలి — కరెంటు తీశాం, పని చేసుకో అనే మాట. పనయ్యాక అతను దాన్ని తిరిగి ఇచ్చేదాకా కరెంటు ఇవ్వకూడదు. బాలనర్సయ్య ఎల్సీ తీసుకున్నాడు. తిరిగి ఇవ్వకముందే ఇంజనీరు ఆదర్శ్ మీట నొక్కేశాడు. నిమిషంలో కరెంటు తెచ్చాడన్న పేరు కావాలి ఆయనకు!

పైగా కంట్రోల్ రూమ్ పుస్తకంలో ఏమని రాశాడు? "ఎల్సీ తీసుకోలేదు" అని. తప్పు చచ్చినవాడి నెత్తికెక్కింది.

ఇప్పుడు మీటతో కూడా పని లేదు. కరెంటు పోతే యంత్రమే పక్క లైను నుంచి నలభై సెకన్లలో తెచ్చేస్తుంది.

మొన్న వానల్లో, ఒక రాత్రి, ఆ యంత్రం మొరాయించింది. లోపం ఆ పెట్టెలోనే. పోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.

"దెయ్యమట! సిగ్గులేదూ మీకు?" అని తిట్టి, ఆదర్శే బయల్దేరాడు.

సందు నిండా చీకటి. పెట్టె తలుపు తీసి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు.

"రోహిణీ, ఎల్సీ ఇవ్వమ్మా."

గరగర... తర్వాత ఒక మగ గొంతు, మెల్లగా —

"ఇచ్చిన సార్. ఫికర్ చెయ్యకుండ్రి. చెయ్యి పెట్టుండ్రి."

"ఎవరయ్యా? కొత్తవాడివా?"

"పాతోణ్ణే సార్."

ఎవరైతేనేం అనుకుని, చెయ్యి లోపల పెట్టాడు.

ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తాడు.

"సార్, రోహిణినండి! ఇందాకట్నుంచి మీ ఫోన్ కలవడం లేదు. యంత్రం దానంతటదే మొదలైందండి... ఇంకో పది సెకన్లలో కరెంటు వస్తుంది!"

"అదేంటి? ఎల్సీ ఇచ్చారుగా!"

"ఎవరిచ్చారండీ? ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను!"

చెయ్యి లాక్కోబోయాడు... రాలేదు. లోపలి నుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"ఆపు రోహిణీ! ఆపు!"

"ఆపుతున్నానండి... ఆగడం లేదు!"

"వదులు... బాలనర్సయ్యా! అబద్ధం రాశాను... వదులు!"

ఫోన్‌లో మళ్ళీ ఆ మగ గొంతు. రోహిణి కూడా విన్నది.

"నా ఎల్సీ నేనింకా రిటర్న్ ఇయ్యలే సార్."

గాజు మేడలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

తెల్లారాక రోహిణి పుస్తకం తెరిచింది. ఉన్నమాటే రాయాలి కదా... రాసింది —

"ఆదర్శ్. ఎల్సీ తీసుకోలేదు."