మూడు కొడితే ఆపాలి

పడవలో కాపురం అంటే వినడానికి బాగుంటుంది. ఉండేది మాత్రం ఒక్క గది. పగలు బల్లగా ఉండేదే రాత్రికి మంచం. పొయ్యి పక్కనే చెప్పులు, చెప్పుల పక్కనే మంచినీళ్ల డబ్బా. గదికి ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనక తలుపు దాటితే చుక్కాని, ఇంజను. ముందు తలుపు దాటితే ఒక మనిషి నిలబడేంత చెక్క అరుగు. చుక్కాని పట్టుకున్నవాళ్లకి గది అడ్డమొచ్చి ముందేముందో కనిపించదు. అందుకని అరుగు మీద నిలబడ్డవాళ్లు మడమతో చెక్క మీద కొట్టి చెప్పాలి. ఒక దెబ్బయితే పోనివ్వు, రెండయితే నెమ్మది, మూడయితే ఆపు.

ఆ పడవలో అక్కా బావా ఏళ్ల తరబడి కాలవలూ నదులూ తిరిగారు. పోయిన వానల్లో అక్క ఆ ముందు అరుగు మీంచే నీళ్లలో పడిపోయింది. దొరకలేదు. ఇక పడవని సముద్రపు రేవులో ఎవరికో అప్పగించి దిగిపోతానన్నాడు బావ. ఒంటరిగా నడిపే పడవ కాదు గనక మరదల్ని తోడు రమ్మన్నాడు.

ఆమె బట్టలు కుట్టే మనిషి. కొట్టుకి తాళం వేసి వచ్చింది. ఆమెకి కావలసింది ఒక్కటే. అక్క ఎక్కడ పడిందో, ఎలా పడిందో తెలియాలి. పడవ చేతులు మారిందంటే ఆ మాట అడగడానికి చోటే మిగలదు.

అడిగినప్పుడల్లా బావ, ఇంకా ముందుంది అనేవాడు. అడగ్గా అడగ్గా ఒక పొద్దున పళ్లు తోముకుంటూ, నిన్ననే దాటిపోయాం అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ముద్ద దిగలేదు. బావకి మాత్రం బాగానే దిగింది, పైగా ఈలపాట ఒకటి. ఇంజను తుడిచే గుడ్డని వెలుగులోకి తెచ్చి చూసింది. అది తను అక్కకి కుట్టిచ్చిన జాకెట్టు. భుజం దగ్గర తన కుట్టే. జిడ్డు కింద చిన్న చిన్న పువ్వులు ఇంకా కనిపిస్తున్నాయి. దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి సంచిలో దాచుకుంది. ఆ పూట నుంచి బావతో మాట మానేసింది. మాటల్లేకపోయినా పడవ నడుస్తుంది. మడమ దెబ్బలు చాలు కదా.

నది సముద్రంలో కలిసే చోటు దగ్గరపడ్డ రోజు పొగమంచు పట్టింది. పట్టపగలే. చీకటి పడితే దీపం పెట్టుకుంటాం, తెలుపు పడితే ఏం పెట్టుకోవాలి? గట్టు పోయింది. నీళ్లు పోయాయి. గది కప్పు కూడా సగం వరకే ఉంది. తడిసిన గోనెసంచి వాసన, దాని కింద ఉప్పు వాసన, దాని కింద ఇంకేదో... చాలాకాలం మూసిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన. ఇంజను చప్పుడు దూదిలో చుట్టినట్టు వినిపిస్తోంది. నేను ముందుకెళ్లి చూస్తానని బావ గదిలోకి వెళ్లాడు. ఆమె చుక్కాని పట్టుకుంది.

టక్... టక్‌టక్.

మూడు. ఆపడానికని ఆమె ఇంజను తగ్గించింది. చెయ్యి అలవాటుగానే వెళ్లింది, మనసుకి మాత్రం ఏదో తగిలింది. ఒకటి కొట్టి, ఆగి, రెండు గబగబా. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుంటే, అమ్మ దీపం ఆర్పేశాక అక్క మడమతో మంచం పట్టె మీద ఇలాగే కొట్టేది. నిద్రపోయావా అని అడగడం.

వెనక తలుపు తెరుచుకుంది. టీ గ్లాసుతో బావ బయటికొచ్చాడు.

"ఎందుకు తగ్గించావ్?"

"నువ్వు... నువ్వు కొట్టలేదా?"

టక్... టక్‌టక్.

కొత్త చప్పుడు వింటే ఎవరైనా తల తిప్పి చూస్తారు. అతను తిప్పలేదు. ఇంజను తాళంచెవి మీదున్న ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఆపకు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఆపితే ఎక్కుతుంది."

 ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అప్పుడూ అక్క మూడు కొట్టిందా, బావా?"

"అది దేనికైనా కొట్టేదే. గట్టు మీద పువ్వు కనబడ్డా మూడే, కొంగ కనబడ్డా మూడే. అన్నిటికీ ఆపుకుంటూ పోతే ఎప్పటికి చేరతాం?"

"నీళ్లలో పడ్డాక కూడా చెక్క మీద కొట్టిందా?"

అతను గ్లాసులోకి చూశాడు.

"కొంగనుకున్నా," అన్నాడు.

ఆమె తాళంచెవి తిప్పింది. ఇంజను ఆగింది. తాళంచెవి లాగి గుప్పిట్లో బిగించింది.

నిశ్శబ్దం. నీళ్ల చప్పుడు కూడా లేదు. తర్వాత పడవ ముందు కొస మెల్లగా కిందికి వంగింది... ఎవరో రెండు చేతులూ వేసి ఎగబాకినట్టు. బావ గదిలోకి దూరి వెనక తలుపు గడియ పెట్టుకున్నాడు. కంగారులో మరిచిపోయాడు. ముందు ఇంకో తలుపుంది.

అది తెరుచుకుంది. తడి పాదాలు. ఒకటి... ఇంకొకటి. గ్లాసు పగిలింది. కేక మాత్రం రాలేదు.

ముందు నుంచి ఒక్క దెబ్బ. టక్. పోనివ్వు.

పడవ కదిలింది. ఆమె చుక్కాని పట్టుకుంది. తను వేసుకున్న గడియే ఊడిరాక, బావ గది లోపల్నించి అరచేత్తో వెనక తలుపు బాదుతున్నాడు. ధన్. ధన్. ధన్.

"కొంగయ్యుంటుందిలే, బావా," అంది ఆమె.

టక్, అంది ముందు అరుగు.

మళ్లీ మూడు. ఈసారి తలుపు నడుం ఎత్తులో. మళ్లీ మూడు, నేల దగ్గర. ఆ తర్వాత లేదు. తలుపు కింది సందులోంచి నీళ్లు సన్నగా వచ్చి ఆమె కాలివేళ్లు తడిపాయి. టీ వాసన. ఇప్పటికైనా కోపం చల్లారుతుందేమోనని చూసుకుంది. చల్లారలేదు.

పొగమంచు విడింది. ఎడమ పక్కనే రేవు. మెట్ల మీద ఒకతను తాడు విసరమని చెయ్యి ఊపుతున్నాడు. ఆమె చుక్కాని అటు తిప్పింది.

"చాలక్కా. దిగుదాం పద," అంది.

టక్.

పడవ రేవు పక్కనించే సాగిపోయింది. మెట్ల మీద మనిషి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా చిన్నగా అయిపోయాడు. ముందంతా సముద్రం. ఆమె మడమతో చెక్క మీద కొట్టింది. ఒకటి... ఆగి, రెండు గబగబా. అక్క కొట్టినట్టే.

జవాబు ఒక్కటే వచ్చింది. టక్.

ఇంజను ఆపేద్దామని చెయ్యి చాపింది. తాళంచెవి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. గుప్పిట విప్పి చూసుకుంది. అందులోనే ఉంది, చెమటకి తడిసి. పొగమంచులో లాగిన దాన్ని మళ్లీ పెట్టనేలేదు. ఇంజను మీద చెయ్యి వేసి చూసింది.

చల్లగా ఉంది.