మూడు దేశాలకు ఒకే సిమ్

"ఈ మిషన్‌లో మీరు చేయవలసిందల్లా ఒక డేటా ప్లాన్ ఎంచుకోవడం," అన్నాడు చీఫ్ శ్యామ్ సుందర్.

ఏజెంట్ ఫెబా నవ్వలేదు. చిలకలూరిపేటలో మూతపడిన జిన్నింగ్ మిల్లు వెనుక గది అది. బయట పత్తి కొనుగోలు బోర్డు, లోపల ఇంటెలిజెన్స్ విభాగం.

"మార్టూరు చర్చి నుంచి ముప్పైమంది యాత్రికులు. దుబాయ్, జోర్డాన్, ఈజిప్టు. మార్గాలు మూడు. ఇక్కడి సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం. దిగిన ప్రతి దేశంలో లోకల్ సిమ్ కొనుక్కోవడం. లేదా మూడు దేశాలకూ ఒకే ట్రావెల్ సిమ్. ధనశ్రీ అమ్ముతున్నది మూడోది."

"ధనశ్రీ మన ఇన్‌ఫార్మర్ కదా సర్?"

"అలాగే అనుకున్నాం."

"మీరు అనుకున్నారు. నేను ఆనాడే వద్దన్నాను."

శ్యామ్ సుందర్ తల దించుకున్నాడు. కిందటి యాత్రకు వంటమనిషిగా వెళ్లిన యేసుపాదం, తన ఇండియా సిమ్‌ను ధనశ్రీకి దాచమని ఇచ్చాడు. ఆయన కైరోలో సాంబారు కలుపుతుండగా ఒక విదేశీ ముఠా అదే నంబరుతో, పోలీసు అధికారులమని బెదిరించి ఎందరో వృద్ధులను నిలువునా దోచింది. ఆయన తిరిగి రాగానే, సిమ్‌ను ముఠాకు అమ్ముకున్నాడని ధనశ్రీ వాంగ్మూలం ఇచ్చింది. ఆమె ఇంగ్లిషును నమ్మిన విభాగం వంటమనిషి మాటను నమ్మలేదు. ఆయన ఇప్పుడు జైల్లో ఉన్నాడు, సోమవారం తీర్పు.

"నిన్న ముఠా మెసేజ్ ఒకటి పట్టుకున్నాం," అన్నాడు చీఫ్. "కోడ్‌వర్డ్ 'ఆమెన్'. ఆ మాట వినిపించగానే చర్చి కిటికీలోంచి సరుకు చేతులు మారుతుంది. ఈసారి సరుకు ముప్పై సిమ్‌లు."

ఫెబా పళ్లు బిగించింది. "ప్రార్థనలో మావాళ్లు కళ్లు తెరవరని ఆ ధనశ్రీకి తెలుసు. ఆ భక్తినే పెట్టుబడి పెట్టింది."

"సరుకుతో సహా పట్టుకుంటేనే యేసుపాదం బయటికొస్తాడు. ఇదిగో." ఎర్రటి నెయిల్ పాలిష్ సీసా బల్ల మీద పెట్టాడు. "మన గుంటూరు మిరపకాయల్లోంచి తీసిన సారం. వేలికి అంటితే ఓర్చుకోవచ్చు. కంటికి అంటితే కష్టం."

*

మరునాటి ఉదయం మార్టూరు చర్చిలో ఫెబా నూలుచీర కట్టి, ఆవకాయ జాడీ చంకనెత్తుకున్న వంటమనిషి. ధనశ్రీది చీరాల పట్టు, నల్లకళ్లద్దాలు, తేనె పూసిన గొంతు.

"పాత సిమ్ ఫోన్‌లో ఉంటే రోమింగ్ బిల్లు లక్షల్లో వస్తుందాంటీ. తీసేసి ఈ సంచిలో వెయ్యండి. మా ఆఫీసులో భద్రంగా ఉంచుతా."

"నా తమ్ముడిది ఎంత భద్రంగా ఉంచావో చూశాంగా!" సంఘపెద్ద సంతోషకుమారి గొంతు ఖంగుమంది. రిటైర్డ్ టీచరు, యేసుపాదానికి అక్క. "సంచి చర్చి బీరువాలో ఉంటుంది. తాళంచెవి నా కొంగుకుంటుంది."

"మీ ఇష్టం ఆంటీ," అని ధనశ్రీ చిరునవ్వు నవ్వింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో అచ్చం అలాంటిదే మరో మఖమల్ సంచి ఉండటం ఫెబా కంటపడింది.

"ఏమే వంటమనిషీ, నీది మాత్రం దాచుకుంటావా?" అని కసిరింది తొడిమలు తీసే కూలీ బసవమ్మ. ఇన్నేళ్ల మిరప మంట ఓర్చుకుని ఈ యాత్రకు కూడబెట్టుకున్న మనిషి.

ఫెబా తన సిమ్ వేస్తూ, సంచి తాడుకు సీసాలోని కుంచెను ఒక్కసారి రాసింది. రెండు స్లాట్ల ఫోన్లమ్మా అవి, పాత సిమ్‌కు డేటా రోమింగ్ ఆపితే చాలు, తీయనక్కర్లేదు అన్న ఒక్క మాట ఆమె నాలుక చివర మండుతోంది. ఇప్పుడే అంటే యేసుపాదం లోపలే ఉండిపోతాడు. మింగేసింది.

బీరువాలోకి వెళ్లేముందు సంచి ప్రసంగ వేదిక పక్కన, కిటికీ దగ్గరి బల్ల మీద ఉంది. అందరూ ముసుగులు వేసుకుని మోకరించారు. నల్లకళ్లద్దాలు తీసి ధనశ్రీ కూడా కిటికీ పక్కన మోకరించింది. ఫెబా ముందే సంతోషకుమారి చెవిలో ఒక మాట వేసింది: "బస్సు హారన్ మోగేదాకా ఆమెన్ అనకండమ్మా." బస్సు డ్రైవరు విభాగం మనిషి. వెనుకవైపు టీమ్ చేరగానే హారన్ కొడతాడు.

ప్రార్థన మొదలైంది. కొంగు అంచులోంచి ఫెబా చూస్తుండగానే, ధనశ్రీ వంగి సంచి మార్చేసింది. కిటికీ అవతల టోపీ పెట్టుకున్న విదేశీయుడొకడు బైకు మీద సిద్ధంగా ఉన్నాడు.

ఫెబా చెవిలో శ్యామ్ సుందర్ గొంతు గరగరలాడింది. "జీపు గ్రానైట్ లారీ వెనక ఇరుక్కుంది. ఆమెన్ ఆపండి!"

హారన్ మోగలేదు గనుక సంతోషకుమారి ఆమెన్ అనకుండా సాగదీసింది. దుబాయ్ కోసం ప్రార్థించింది. జోర్డాన్, ఈజిప్టు అయ్యాయి. పైలట్లు అయ్యారు. తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్ల మంట అయింది.

"అక్కా, విమానం పోద్ది," అని గొణిగింది బసవమ్మ.

"నోర్ముయ్యవే. దేవుడితో మాట్లాడుతున్నా." ఆమె గొంతు రాయిలా గట్టిపడింది. "ప్రభువా, నా తమ్ముణ్ణి నమ్మించి అబద్ధమాడి జైల్లో వేయించిన వాళ్లను నువ్వు చూస్తూనే ఉన్నావు. ఇంకెంతకాలం చూస్తావయ్యా?"

చర్చి అంతా వెక్కిళ్లు. తానొక్కతే పొడి కళ్లతో కనిపిస్తే బాగుండదనుకుందేమో, ధనశ్రీ వేళ్లతో రెండు కళ్లూ ఒత్తుకుంది.

హారన్ మోగింది.

"ఆమెన్!"

ధనశ్రీ తడుముకుంటూ సంచిని కిటికీలోంచి బయటికి చాచింది. బయటి చెయ్యి సంచితో పాటు ఆమె మణికట్టునూ పట్టుకుంది.

"థాంక్యూ, మేడమ్," అన్నాడు శ్యామ్ సుందర్. అతని వెనుక విదేశీయుడి చేతులకు బేడీలు పడుతున్నాయి.

చర్చిలో ముప్పైమందీ కళ్లు తెరిచారు. ధనశ్రీ ఒక్కతే తెరవలేకపోయింది.

"నీళ్లు! ఎవరైనా నీళ్లు పొయ్యండి!"

"నీళ్లు ఇస్తాం," అంది ఫెబా. "యేసుపాదం ఏమీ అమ్మలేదని ఇప్పుడు చెప్పండి."

"అమ్మలేదు! నేనే ఇచ్చాను! పొయ్యండి!"

సంతోషకుమారి చెంబు అందుకుంది. చుక్క ఒలకకుండా ధనశ్రీ కళ్ల మీద పోసింది.

ఫెబా యాత్రికుల సిమ్‌లన్నీ తుడిచి ఎవరివి వారికి ఇచ్చింది. "పాతది ఫోన్‌లోనే ఉంచండి, ప్యాక్ వేయించేదాకా దాని డేటా రోమింగ్ ఆపెయ్యండి. నెట్‌కు మీ కంపెనీ రోమింగ్ ప్యాక్ చాలు. సిమ్ దాచిపెడతాననేవాళ్లకు మాత్రం ఇవ్వకండి."

బస్సెక్కుతున్న బసవమ్మ మెట్టు మీద ఆగిపోయింది. "అంతా బాగానే ఉంది గాని, పోలీసమ్మా, మాకు వండేదెవరు?"

ఫెబా జాడీని ఆమె చేతిలో పెట్టింది. "వచ్చే యాత్రకు యేసుపాదం గారొస్తారు. ఈ యాత్రకు ఆవకాయే. మూడు దేశాలకూ ఒకటే ప్లాన్!"