యాక్సిల్ బూటు

చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డు పక్కన నా షెడ్డు. ఇరవై రెండేళ్ళుగా కార్ల కింద పడుకునే బతుకుతున్నాను. ఇంజనులో చచ్చి ఎండిపోయిన ఎలకల్ని, ఫ్యాను బెల్టుకి చుట్టుకుని ముక్కలైన పాముల్ని చేత్తోనే తీసేవాణ్ణి. చెయ్యి కడుక్కుని అక్కడే కేరేజీ విప్పుకుని తినేవాణ్ణి. ఆ మంగళవారం తరవాత మాత్రం అన్నం చెంచాతో తింటున్నాను.

ఆ రోజు పొద్దున్న స్వర్ణకుమారి గారు కారు తెచ్చారు. రావికమతంలో టీచరు. వాళ్ళ నాన్న తోమా గారికి కిడ్నీలు పాడైతే వారానికి రెండుసార్లు అనకాపల్లి తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నారు. అందుకోసమే నెల కిందట ఆ కారు సెకండ్ హ్యాండులో కొన్నారు.

"స్పీడు పెంచితే ఒకటే వణుకు అన్నయ్యా. నాన్నకి ఒళ్ళు హూనమైపోయి వాంతులవుతన్నాయి. రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాలి. ఎలాగైనా చేసి పెట్టండి."

ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ట్రయలుకి బయల్దేరాను. నలభై దాటాక యాక్సిలరేటరు తొక్కగానే వణుకు మొదలైంది. కాలు తీస్తే ఆగిపోయింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ వచ్చింది. స్టీరింగు వణికితే చక్రాల బేలెన్సింగు పోయిందనుకోవచ్చు. ఇక్కడ స్టీరింగు నిమ్మళంగానే ఉంది. సీటు, కాళ్ళ కింద నేల వణుకుతున్నాయి. తొక్కినప్పుడే వస్తోందంటే చక్రాన్ని తిప్పే యాక్సిల్‌కి లోపలి జాయింటు అరిగినట్టే.

"పెద్ద పనేం కాదమ్మా. సాయంత్రానికి అయిపోద్ది," అన్నాను.

ఆవిడ అద్దం దించి మొహం బయటికి పెట్టారు. "మీకు వాసన రావట్లేదా?"

వస్తోంది. చెరుకు ఆడే రోజులు కదా, పంచదార ఫేక్టరీ మడ్డి వాసనేమో అనుకున్నాను. కాదు. కుళ్ళిన పుండు మీది కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన అది.

ఆవిడ ఆటో ఎక్కి స్కూలుకి వెళ్ళిపోయారు. నేను జాకీ ఎక్కించి కారు కింద దూరాను. జాయింటులో గ్రీజు కారిపోకుండా దాని చుట్టూ ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. బూటు అంటాం. ఎడమ వైపు బూటు మేక పొట్టలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కాను. మెత్తగా, గోరువెచ్చగా తగిలింది. ఇప్పుడే నడిపి తెచ్చాం కదా, వేడి ఉంటుందిలే అనుకున్నాను. రెండు పక్కలా క్లిప్పులు బిగుతుగానే ఉన్నాయి. రబ్బరుకి ఎక్కడా చిరుగు లేదు.

బ్లేడుతో చీరాను.

లోపల నల్లటి గ్రీజు ఉండాలి. పసుపుపచ్చటి గుజ్జు, విరిగిన పెరుగులా గడ్డలు గడ్డలుగా, నా మణికట్టు మీద పడి మోచెయ్యి దాకా జారింది. ఒక చుక్క పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది...

బయటికి పాక్కుంటూ వచ్చి కక్కాను. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ ఉప్పదనం వదల్లేదు. వదిలేసి పోదామనిపించింది. కానీ రేపు ఆ పెద్దాయన వెళ్ళకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా అమ్మ పోయింది కూడా అలాగే. తువ్వాలు ముక్కుకి కట్టుకుని మళ్ళీ దూరాను.

గుజ్జులో వెంట్రుకలున్నాయి. రోడ్డు మీది తాళ్ళూ గుడ్డలూ యాక్సిల్‌కి చుట్టుకోవడం మామూలే. అవి బూటు బయట చుట్టుకుంటాయి. ఇవి లోపల ఉన్నాయి. జాయింటు చుట్టూ గట్టిగా, జడ అల్లినట్టు... ముడులు వేసి మరీ ఉన్నాయి.

ముడులు కోసి లాగాను. వచ్చింది. ఇంకా వచ్చింది... మూరెడు... రెండు మూరలు... కొస ఊడేసరికి దాంతోపాటు అరచెయ్యంత తోలు వచ్చింది. తడిగా ఉంది.

అప్పుడు, నా చెవి పక్కనే...

"హమ్మయ్య..."

ఆడ గొంతు. అలిసిపోయిన గొంతు. చుట్టూ చూశాను. షెడ్డులో నేనొక్కణ్ణే.

దాన్ని రేకు డబ్బాలో వేసి, వెనక్కి తీసుకెళ్ళి కిరసనాయిలు పోసి తగలబెట్టాను. అది భగ్గున మండలేదు. నేతిలా కరిగి, బుడగలు లేచి, డబ్బాకి అంటుకుపోయింది. అనకాపల్లి నుంచి బస్సులో కొత్త యాక్సిల్ తెప్పించి బిగించాను. ఎనభై దాకా తొక్కాను. వణుకు లేదు. వాసన కూడా లేదు.

సాయంత్రం స్వర్ణకుమారి గారు వచ్చారు. "ఏమైంది అన్నయ్యా?"

"ఎలకమ్మా. చచ్చి ఇరుక్కుంది."

నిజం చెప్తే ఆవిడ ఆ కారులో తండ్రిని ఎక్కించుకుంటారా? ఆవిడ రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి పెరుగు గిన్నె చూసి కంచం ముందు నుంచి లేచిపోయాను. తెల్లవార్లూ అరచేతులు సబ్బుతో తోముతూనే ఉన్నాను. పొద్దున్న షెడ్డులో, ఆ కారులోంచి నేలమీద పడిపోయిన పాత సర్వీసు కార్డు కనబడింది. పాత ఓనరు హరిబాబు, వడ్డాది. కింద ఫోను నంబరు.

చేస్తే ఎవరో ముసలావిడ ఎత్తింది. "హరిబాబు లేడు. ఏటి బాబూ?"

వణుకు గురించీ, వెంట్రుకల గురించీ చెప్పాను. ఆవిడ గుసగుసగా అడిగింది.

"ఆ ముడులు ఇప్పీసేవా?"

"అదేటమ్మా..."

"దాన్ని కట్టించేం బాబూ. కదలకుండా కట్టించేం. పెనుగులాడితే బండి వణికీది, అంతే కదా... ఇప్పీసేవేటి?"

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

స్వర్ణకుమారి గారికి చేశాను. రెండుసార్లు మోగాక మూడోసారి ఎత్తారు.

"బండి పక్కకి ఆపేను, చెప్పండి అన్నయ్యా. అనకాపల్లి దగ్గరికొచ్చేసేం. వణుకే లేదు, ఎంత హాయిగా ఉందో!"

"నాన్నగారు... బాగున్నారా?"

"బాగానే ఉన్నారు." ఆవిడ గొంతు తగ్గించారు. "వెనక సీట్లో ఒక్కరే కదా, కాళ్ళు చాపుకోండి నాన్నా అంటన్నాను. డోరుకి అతుక్కుపోయి కూర్చున్నారు. చోటు లేదంటన్నారు."